కణపుంజమునకు కట్టుబాటు



ప్రోటానులన్నియు ధనావేశము గల కణములు. సజాతీయావేశములు ఒకదానినొకటి వికర్షించును. కావున కోట్లకొలది ప్రోటానులను సన్నని ధారగా నడుపబూనినచో, ఆ ధారకు ప్రథమశత్రువు ఆ ధారయే. ఈ అంతఃకలహమునకే స్పేస్ ఛార్జి బలమని పేరు.

రథోత్సవమునాటి జనసమ్మర్దమును తలచుకొన్నచో ఇది సుబోధకమగును. నడుమనున్నవానిని నలువైపులవారును సమముగ నెట్టుదురు గనుక అతడు కదలడు. అంచుననున్నవాడు వెలికి త్రోయబడును. ధార అంతటను సమసాంద్రముగ నున్నచో, నడిమినుండి దూరమైనకొలది ఈ త్రోపుడు అదే నిష్పత్తిలో హెచ్చును.

అయితే కదలు ఆవేశము విద్యుత్ప్రవాహమే. ఒకే దిశను సాగు ప్రవాహములు అయస్కాంతబలముచే పరస్పరము ఆకర్షించుకొనును. కాంతివేగములో సగము వేగమున ఈ ఆకర్షణ, వికర్షణలో నాలుగవవంతును తీర్చును. నూటికి 99 వంతుల వేగమున నూటికి సుమారు రెండువంతుల వికర్షణయే మిగులును. ధారకు గండమంతయు శైశవమందే.

కాపుదలకు మార్గము 1952లో అమెరికాయందలి బ్రూక్‌హేవెన్‌లో కూరాంట్, లివింగ్‌స్టన్, స్నైడరులు ప్రకటించిరి. గ్రీకు ఇంజనీరు క్రిస్టోఫిలోస్ అంతకుముందే దీనిని స్వతంత్రముగ కనుగొనియుండెను. నాలుగు ధ్రువముల అయస్కాంతము ధారను అడ్డముగ ముడిచినచో నిలువుగ విప్పును. మరుసటిది అందుకు విపర్యయము చేయును. తగిన ఎడముతో వానిని వరుసగ నిలిపినచో తుదకు కేంద్రీకరణమే మిగులును. ముడుచుచోట కణములు నడిమికి దూరముగను, విప్పుచోట చేరువగను ఉండుటయే ఇందులకు కారణము.

మందగమనముగల కణములపై అయస్కాంతబలము స్వల్పము. అందుచే 1970లో సోవియట్ శాస్త్రజ్ఞులు కప్చిన్‌స్కీ, టెప్ల్యకోవ్‌లు విద్యుత్ క్షేత్రముచేతనే ధారను కూర్చుచు త్వరపరచు రేడియో ఫ్రీక్వెన్సీ క్వాడ్రుపోల్‌ను ప్రతిపాదించిరి. ట్రాంబేయందలి భాభా అణుపరిశోధన కేంద్రపు ప్రోటాను యంత్రమున, 50 వేల ఎలక్ట్రాను వోల్టుల శక్తితో వెలువడు ధారను ఇట్టి పరికరమే 30 లక్షలకు చేర్చును.

బిగించుటయొక్కటే చాలదు. ధారను మిక్కిలి ఇరికించినచో సాంద్రత పెరిగి వికర్షణయు పెరుగును. బిగింపు ధార పరిమాణమునకు తగనిచో ధార ఉబ్బుచు తగ్గుచు ఊగులాడి, కొన్ని కణములను పరివేషమువలె చుట్టును చిమ్మును. అవి గొట్టపు గోడలను తాకి వానిని రేడియోధార్మికములను చేయును.

అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో 2006లో ప్రారంభమైన న్యూట్రాను కేంద్రపు ధార 14 లక్షల వాట్లకై రూపొందింపబడినది. అయినను మీటరు ఒక్కింటికి నష్టము ఒక్క వాటు మించరాదని నియమము. ఆ ఒక్క వాటు లెక్కలోనే, పనిముట్లతో ఆ సొరంగమున దిగవలసిన మరమ్మతు ఉద్యోగి క్షేమమున్నది.