ప్యూర్ అనే మాట

(కువైట్‌లో శుక్రవారపు తెలుగు తరగతి పిల్లలకు చేసిన ప్రసంగం)



నేను రాయచోటి వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పే అయ్యవారిని. సంక్రాంతి సెలవులకు మా చెల్లెలి ఇంటికి కువైట్ వచ్చాను. మీ పంతులమ్మగారు, "మా పిల్లలకు నాలుగు మాటలు చెప్పిపోండి" అన్నారు. ఏం చెప్పాలా అని చూస్తుంటే మూడో వరుసలోని అబ్బాయి లేచి, బల్లమీది నీళ్ళసీసాను చూపించాడు. "దీనిమీద ప్యూర్ అని ఉందండీ. ప్యూర్‌ను తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. తెలియక కాదు. ఒక్క మాట అడిగితే పది మాటలు నోటిదాకా వచ్చాయి. ఏది ఇవ్వాలో తోచలేదు. కాబట్టి ఈ పూట ఆ ఒక్క మాటనే పట్టుకొని మాట్లాడుకొందాం.

ముందుగా పలకడం సంగతి. మా బడిలో ఒక పిల్లవాడు ఇంగ్లీషు పాఠంలో 'ప్యూర్ గోల్డ్' అనవలసిన చోట 'పూర్ గోల్డ్' అని చదివాడు. బీద బంగారం అన్నమాట! తరగతి అంతా నవ్వింది. పకారం కింద యకారం జారిపోతే ఎంత పని జరిగిందో చూడండి. ప్యూర్ అనే ఈ మాట లాటిన్ భాషలోని 'పూరుస్' నుండి వచ్చింది. శుభ్రమైనది, మచ్చ లేనిది, వేరేదేదీ కలవనిది అని దాని అర్థం.

ఇంగ్లీషువారికి ఈ ఒక్క మాట అన్నింటికీ సరిపోతుంది. నీరు ప్యూర్, బంగారం ప్యూర్, నెయ్యి ప్యూర్, మనసు ప్యూర్. చివరకు అబద్ధం కూడా ప్యూరే! తెలుగు అలా కాదు. వస్తువును చూసి మాట ఇస్తుంది. బంగారమైతే మేలిమి బంగారం అంటాం. మేలిమి నెయ్యి అనము, అసలైన నెయ్యి అంటాం. పాల దగ్గరికి వచ్చేసరికి మన అవ్వలు ఏ విశేషణమూ వాడరు, "నీళ్ళు కలపని పాలు" అని సూటిగా చెబుతారు. గాలి స్వచ్ఛమైనది, మనసు నిర్మలమైనది, గుడి పవిత్రమైనది. ఏ లెక్కలశాస్త్రాన్ని దాని కోసమే చదువుతారో అది శుద్ధగణితం. సంగీతం నేర్చుకొనేవారికి శుద్ధ మధ్యమం ఉండనే ఉంది.

ఈ 'శుద్ధ' అనే మాట మహా చిత్రమైనది. ఉగాది ఏ రోజు వస్తుంది? చైత్ర శుద్ధ పాడ్యమినాడు. అక్కడ శుద్ధమంటే వెన్నెల పెరిగే పక్షం. చంద్రుడు తరిగే పక్షాన్ని బహుళం అంటాం. అదే మాటను కోపంగా అంటే 'శుద్ధ దండగ', 'శుద్ధ తప్పు'. ఇక్కడ శుభ్రత ఏమీ లేదు. అందులో తప్పు తప్ప మరేదీ లేదని భావం. ఇంగ్లీషులో 'ప్యూర్ నాన్సెన్స్' అంటే అదే. అబద్ధానికైతే 'పచ్చి' తగిలిస్తాం, మాటకైతే 'వట్టి' తగిలిస్తాం. కాబట్టి పిల్లలూ, నిఘంటువులో మొదట కనిపించిన అర్థాన్ని పట్టుకొని అన్ని చోట్లా అతికించకండి. పచ్చి నెయ్యి, మేలిమి అబద్ధం అని రాస్తే మీ పంతులమ్మగారు ఏం చేస్తారో నేను చెప్పలేను!

ఇప్పుడు మన నీళ్ళసీసా దగ్గరికి వద్దాం. మీరున్న ఈ దేశంలో ఏరు లేదు. పూర్వం ఇక్కడివారు బావుల నీరు తాగేవారు. జనం పెరిగిన కొద్దీ అది చాలక, ఇరవయ్యో శతాబ్ది మొదటి భాగంలో షత్ అల్ అరబ్ అనే నదినుండి తెరచాప ఓడలమీద మంచినీరు తెచ్చి అమ్మేవారు. 1953లో షువైఖ్‌లో ప్రభుత్వం సముద్రపు నీటిని తాగునీరుగా మార్చే కర్మాగారాన్ని ప్రారంభించింది. 1960లో ఉత్తరాన రౌదతైన్ అనే చోట ఇసుక నేల అడుగున మంచినీరు దొరికింది. అయినా దేశానికంతటికీ సరిపోయేటంత కాదు. నేటికీ మీ ఇంటి కుళాయిలో వచ్చే నీటికి ఆధారం సముద్రమే. మీరు విహారానికి వెళ్ళి చూసే కువైట్ టవర్లు 1979లో తెరిచారు. వాటిలో రెండు గోపురాలు ఒక్కొక్కటి 4,500 ఘనమీటర్ల నీటిని మోసే నీళ్ళతొట్లు. అందం కోసమే కట్టారనుకొంటాం గాని, అవి దాహం తీర్చే కట్టడాలు.

సముద్రపు నీటిని ఎలా మారుస్తారు? మీ అమ్మ అన్నం వండేటప్పుడు మూత తీసి చూడండి. మూత లోపలివైపు నీటి బొట్లు ఉంటాయి. నీరు ఆవిరై పైకి లేచి, చల్లని మూతకు తగిలి మళ్ళీ నీరయింది. కర్మాగారంలోనూ అంతే. సముద్రపు నీటిని కాచి ఆవిరి చేస్తారు, ఆవిరిని చల్లార్చి పట్టుకొంటారు. ఉప్పు అడుగునే ఉండిపోతుంది. ఈ పద్ధతే కాకుండా సన్నని పొరలగుండా నీటిని గట్టిగా వత్తి ఉప్పును వేరుచేసే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది.

అలా ఆవిరినుండి వచ్చిన నీరు దాదాపు పూర్తిగా ప్యూర్. ఉప్పు లేదు, సున్నం లేదు, మట్టి లేదు. మరి దాన్ని అలాగే కుళాయిలోకి వదులుతారా? వదలరు. ఆ నీటికి రుచి ఉండదు, చప్పగా ఉంటుంది. పైగా అది ఇనుప గొట్టాలను తినివేస్తుంది. అందువల్ల నేల అడుగునుండి తోడిన కొంచెం ఉప్పగా ఉండే నీటిని కొలత ప్రకారం అందులో కలుపుతారు, తగిన లవణాలు చేరుస్తారు. అప్పుడే అది తాగునీరు అవుతుంది. ఎంతో ఖర్చుపెట్టి ఉప్పును తీసేసి, మళ్ళీ చిటికెడు చేర్చడం! మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నాకూ నవ్వు వచ్చింది. తరువాత, ఉప్పు లేని పప్పు గుర్తు తెచ్చుకొని ఊరుకొన్నాను.

బంగారం కథ కూడా ఇలాంటిదే. మొన్న ముబారకియా బజారులో మా చెల్లెలితో కలిసి బంగారు దుకాణాలు చూశాను. కడ్డీలమీద 24 క్యారట్లు అని ఉంది. నగలమీద 22, 21, 18 అని ఉంది. క్యారట్ అనే మాట అరబ్బీలోని 'ఖీరాత్' మీదుగా యూరపు భాషలకు వెళ్ళింది. అరబ్బులకు గ్రీకుల దగ్గరినుండి వచ్చింది. అసలు అర్థం ఒక చెట్టు గింజ. మన గురివింద గింజలాగా దానితో తూకం వేసేవారు. మొత్తం 24 పాళ్ళలో 22 పాళ్ళు బంగారం, మిగిలిన రెండు పాళ్ళు రాగివంటి లోహం ఉంటే అది 22 క్యారట్లు. నగమీద 916 అని కనిపించేది అదే లెక్క. వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారమని అర్థం.

మనవారి పాత లెక్క వేరు. గీటురాయిమీద బంగారాన్ని గీసి, ఆ గీత రంగును చూసి వన్నె కట్టేవారు. పదహారు వన్నెలది మేలిమి. మరి 22 క్యారట్ల బంగారం ఎన్ని వన్నెలది? ఇంటికి వెళ్ళి లెక్క కట్టండి. పూర్ణాంకం రాలేదని కంగారుపడకండి, రాదు.

రాగి ఎందుకు కలుపుతారు, మోసమా అని మీరు అడగవచ్చు. చెప్పకుండా కలిపితే మోసమే, దాన్నే కల్తీ అంటాం. కాని మేలిమి బంగారం మెత్తన. దానితో గాజు చేస్తే త్వరగా వంగుతుంది, అరుగుతుంది. రాగి కలిస్తేనే గట్టిపడుతుంది. ఎంత కలిసిందో నగమీదనే ముద్రవేసి చెబుతారు కనుక అది కల్తీ కాదు. పాలలో నీళ్ళు కలిపేవాడు సీసామీద ఆ మాట రాయడు కదా!

మన తెలుగులో 'తేట' అని ఒక చక్కని మాట ఉంది. చెరువునీరు కడవలో పోసి కదపకుండా ఉంచితే మన్ను అడుగుకు దిగి, పైన నీరు తేరుతుంది. ఆ తేరిన నీరు తేటనీరు. త్వరగా తేరాలంటే పల్లెల్లో చిల్లగింజను అరగదీసి ఆ గంధం నీటిలో కలిపేవారు. చూశారా, నీటిని తేటపరచడానికి కూడా ఒకటి కలపవలసి వచ్చింది! ఏదీ కలవకపోవడం ఒకటి. అడుగుదాకా కనిపించేటట్లు ఉండడం మరొకటి. ప్యూర్ అనే మాటలో ఈ రెండూ ఇమిడి ఉన్నాయి. సంస్కృతంలోని 'స్వచ్ఛ' ఈ రెండవ వైపు మాటే. సు, అచ్ఛ అనే రెండు కలిసి స్వచ్ఛ అయింది. మిక్కిలి తేటయైనది అని అర్థం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తరగతికి వచ్చేముందు ఒక తండ్రి నాతో, "మా పిల్లలకు ప్యూర్ తెలుగు నేర్పండి మాష్టారూ, వీళ్ళది అంతా కలగూరగంప అయిపోయింది" అన్నారు. ఆ మాట వినగానే నాకు ఒక పాత సంగతి గుర్తుకువచ్చి మనసు చివుక్కుమంది. అది నా తప్పు. మీతో చెప్పుకొంటాను.

మా బడికి వచ్చే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో కువైట్‌లో ఉంటారు. మూడేళ్ళ కిందట ఏడో తరగతివారికి 'మా అమ్మ' అని వ్యాసం ఇచ్చాను. ఒక అమ్మాయి ఇలా రాసింది: మా అమ్మ కువైట్‌లో పని చేస్తుంది, పొద్దున నాలుగింటికే లేచి మత్బఖ్‌లోకి పోతుంది, మామా లేచేలోపల ఖుబ్జు కాల్చి పెడుతుంది, శుక్రవారం మాతో ఫోనులో మాట్లాడుతుంది. మత్బఖ్ అంటే వంటగది, ఖుబ్జు అంటే రొట్టె, మామా అంటే ఇంటి యజమానురాలు అని మీకు చెప్పనక్కరలేదు. నేను ఆ మూడు మాటలకూ ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, అడుగున 'శుద్ధమైన తెలుగులో రాయవలెను' అని రాశాను. మార్కులు కూడా తగ్గించాను.

ఆ తరువాతి వారం ఆ అమ్మాయి ఏమీ రాయని కాగితం ఇచ్చింది. ఎందుకమ్మా అని అడిగాను. చాలాసేపు నేలచూపులు చూసి, "మా అమ్మ ఎట్ల మాట్లాడుతుందో అట్లే రాసినాను సార్. మా అమ్మది తెలుగు కాదా?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్న నేను ఆ రాత్రి నిఘంటువు ముందేసుకొని కూర్చున్నాను. బడిలో నేను రోజూ తీసుకొనే హాజరు, అరబ్బీ మాట. మీరు అరబ్బీ తరగతిలో 'హాదిర్' అంటారే, అదే. తారీఖు, జవాబు, హక్కు, వసూలు, అన్నీ అరబ్బీనుండి వచ్చినవే. పని సాఫీగా సాగింది అంటామే, ఆ సాఫీ కూడా అరబ్బీదే. దాని అర్థమేమిటో తెలుసా? శుద్ధమైనది! నెయ్యికి నేను వాడిన 'అసలు' సైతం అక్కడిదే. ఆ బిడ్డ మూడు మాటలకు సున్నా చుట్టిన నేను రోజుకు ముప్పై అరబ్బీ మాటలు వాడుతున్నాను. తేడా ఒక్కటే: నావి పాతవి, ఆమెవి కొత్తవి.

అచ్చతెలుగు అనేదే లేదా అంటే, ఉంది. పదహారో శతాబ్దిలో పొన్నికంటి తెలగన అనే కవి సంస్కృత తత్సమాలు లేకుండా 'యయాతి చరిత్ర' అనే కావ్యం రచించాడు. అచ్చతెలుగు కావ్యాలలో అది మొదటిది. గొప్ప పని, చేయడం సులభం కాదు. అందులో కూడా తద్భవాలు ఉన్నాయి. ఆకాశం పనికిరాదు గాని ఆకసం పనికివస్తుంది అన్నట్లు. ఇంతకూ ఆ కావ్యాన్ని ఎవరికి అంకితమిచ్చాడో తెలుసా? గోలకొండ నవాబు ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులోని అమీన్‌ఖానుకు. అమీన్ అంటే అరబ్బీలో నమ్మదగినవాడు. అచ్చతెలుగు కావ్యాన్ని ఆదరించి నిలబెట్టిన దొర పేరు అచ్చతెలుగు పేరు కాదు!

అలాగని అన్నీ కలిపేయండి అని నేను అనను. వంటగది అనే మాట తెలియక మత్బఖ్ అనడం వేరు, తెలిసి అనడం వేరు. తెలియకపోతే మీ అవ్వకు ఉత్తరం రాసేటప్పుడు ఆమెకు అర్థం కాదు, నీరు కలకబారినట్లే. అందుకే రెండు మాటలూ నేర్చుకోవాలి. వ్యాసంలో వంటగది అని రాసి, అమ్మ అన్నమాటను అమ్మ అన్నట్లే రాయవచ్చు. ఆ బిడ్డకు నేను చెప్పవలసింది ఇదీ. చెప్పకుండా ఎర్రసిరా వాడాను.

మరునాడు ఆమె వ్యాసాన్ని తరగతిలో నేనే పైకి చదివాను, ఏమీ దిద్దకుండా. మత్బఖ్ అంటే ఎవరికి తెలుసు అంటే సగం చేతులు లేచాయి. నల్లబల్లమీద ఆ మాట రాసి, పక్కన వంటగది అని రాసి, అందరిచేతా చదివించాను. అప్పుడు ఆ అమ్మాయి లేచి, "సార్, మీరు 'త' అంటాండారు. అట్ల కాదు, నాలుక గట్టిగా ఆనించి పలకాల. మా అమ్మ చెప్పింది" అని నన్ను దిద్దింది. తగ్గించిన మార్కులు తిరిగి ఇచ్చాను.

ఆ అక్షరం నాకు ఇప్పటికీ సరిగా పలకడం రాదు. మీలో అరబ్బీ బాగా వచ్చినవారు ఎవరు? ఒకరు ఇటు వచ్చి, ఈ బల్లమీద ఆ మాటను అరబ్బీ అక్షరాలలో రాసి, నాకు నాలుగుసార్లు పలికి చూపించండి. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. సెలవులు కాగానే నన్ను పరీక్ష చేస్తుంది.