గిటారు తీగల ఎత్తు

విద్యార్థులారా! కొత్తగా గిటారు పట్టి, వేళ్ల నొప్పికి మానేసేవారున్నారు. లోపం చాలాసార్లు వేళ్లది కాదు, తీగల ఎత్తుది.

మెడ వంగి ఉంటే ముందు అది సరిచేయించండి. తర్వాత 12వ ఫ్రెట్ పైనుంచి లావు తీగ అడుగు వరకు కొలవండి. సుమారు 2.5 మిల్లీమీటర్లు చాలు. 3.5 ఉందనుకోండి; 1 మిల్లీమీటరు తగ్గడానికి శాడిల్‌ను 2 మిల్లీమీటర్లు అరగదీయాలి. ఎందుకని? 12వ ఫ్రెట్ తీగకు దాదాపు నడిమధ్యన ఉంటుంది. ఒక కొస దించితే మధ్యభాగం అందులో సగమే దిగుతుంది. మీ జ్యామితిలోని సరూప త్రిభుజాలే ఇవి!

తీగలు వదులు చేసి శాడిల్‌ను పైకి తీయండి. అతికించి ఉంటే బలవంతంగా లాగవద్దు. పెన్సిల్ గీత గీసి, గాజుపలకపై పరచిన ఉప్పుకాగితం మీద అడుగువైపే రుద్దండి. అడుగు సమతలంగా లేకుంటే నాదం పలచబడుతుంది. గీతకు కాస్త ముందే ఆగి, తీగలు బిగించి మళ్లీ కొలవండి. ఎక్కువ అరిగితే తీగ ఫ్రెట్లకు తగిలి గరగరమంటుంది. ఇక కొత్త శాడిల్ కొనాల్సిందే.