బారసాల జరగని మందు

కీళ్ల వాపునూ నొప్పినీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను శరీరంలో తయారుచేసే ఎంజైమ్ పేరు సైక్లో ఆక్సిజనేజ్. దీని రెండు రూపాలలో కాక్స్-1 నిత్యం ఉంటూ జీర్ణాశయపు లోపొరను కాపాడుతుండగా, కాక్స్-2 ప్రధానంగా వాపు పుట్టిన చోట విజృంభిస్తుంది. పాత నొప్పి మాత్రలు రెండింటినీ అణచి కడుపులో పుండ్లకు దారితీసేవి కనుక, రెండవదానినే అడ్డుకొనే మందుకోసం అన్వేషణ సాగి, 1998 చివర అమెరికాలో సెలికాక్సిబ్‌కు అనుమతి లభించింది.

హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ పరిశోధకులు ఈ సెలికాక్సిబ్ అణువునే మూలంగా తీసుకొని, సల్ఫోనమైడ్ ఉన్న వలయానికి హైడ్రాక్సీమిథైల్ అనే చిన్న సమూహాన్ని చేర్చి, మరో వలయంపై మిథైల్ స్థానంలో మెథాక్సీని నిలిపి, డీఆర్‌ఎఫ్-4367 అనే కొత్త అణువును రూపొందించారు. నోటిద్వారా ఇచ్చినా అది జంతువులలో వాపును తగ్గిస్తుందని 2004 నాటి శాస్త్రపత్రికలలో వెల్లడైంది. సంఖ్యే దాని పేరు; అంగడి దారి పట్టిన మందుకే గదా బారసాల!

అయితే అదే సంవత్సరం సెప్టెంబరు 30న, ఇదే కోవకు చెందిన రోఫికాక్సిబ్ గుండెపోటు ముప్పును పెంచుతున్నదని తేలడంతో మెర్క్ సంస్థ దానిని ప్రపంచమంతటా ఉపసంహరించుకొన్నది. రక్తనాళాలను విప్పార్చి, రక్తం గడ్డకట్టకుండా చూసే ప్రోస్టాసైక్లిన్ తయారీకి కూడా కాక్స్-2 అవసరమే కావడం ఇందుకు ముఖ్యకారణంగా భావిస్తారు. 2005లో అదే కోవకు చెందిన వాల్డికాక్సిబ్ కూడా అమెరికా మార్కెట్టునుంచి తప్పుకొన్నది; డీఆర్‌ఎఫ్-4367 మాత్రం శాస్త్రపత్రికల పుటలు దాటి మందుల దుకాణం దాకా రానేలేదు.