ఇంటి బండి: కొనడమా, అద్దెకు తీసుకోవడమా?

(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను అమెరికా విశేషాలు చెప్పమన్నారు. అక్కడి మేడలూ రోడ్లూ మనలో చాలామంది చూసివచ్చినవే. నేను ఆర్టీసీ గ్యారేజీలో ముప్ఫై నాలుగేళ్లు గ్రీజు పూసుకున్నవాణ్ణి. కనుక ఒక బండి సంగతే చెబుతాను.

2023 వేసవిలో నేనూ నా శ్రీమతీ డెన్వర్‌లో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్లాం. మాకు ఎల్లోస్టోన్ పార్కు చూపించాలని వాడి కోరిక. అది అక్కడికి సుమారు 900 కిలోమీటర్లు. మా ఆవిడకు షుగరు, మోకాళ్ల నొప్పులు. గంటకోసారి బండి ఆపాలి. అందుకని మోటార్‌హోమ్ కొందామన్నాడు. అంటే మంచాలు, వంటగది, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉన్న బండి. 2004 నాటిది ఒకటి అమ్మకానికి ఉంది. ధర 24,000 డాలర్లు. “ఏటా మీరు వస్తారుగా నాన్నా, ఏటా తిరుగుదాం” అన్నాడు.

నన్ను చూడమన్నారు, వెళ్లాను. తిరిగింది 48,000 మైళ్లే. మన డిపోలో అయితే దాన్ని కుర్ర బండి అంటాం. కానీ ఈ బండ్లు తిరిగి పాడయ్యే దానికన్నా నిలబడి పాడయ్యేదే ఎక్కువ.

ముందు టైర్లు చూశాను. మన బస్సుకు మల్లే ముందు రెండు, వెనుక నాలుగు. గ్రిప్పు దివ్యంగా ఉంది. కానీ పక్కన అచ్చువేసిన సంఖ్యలో చివరి నాలుగంకెలు 3514. అంటే 2014లో 35వ వారం తయారు. తొమ్మిదేళ్ల రబ్బరు! ఎండకు నిలబడి ఆరేడేళ్లు దాటిన టైర్లతో కొండదారిలో మనవల్ని ఎక్కించుకోవడానికి నాకు ధైర్యం చాలదు.

తరువాత నిచ్చెన వేసుకుని పైకప్పు ఎక్కాను. గాలి కిటికీల చుట్టూ పూసిన మైనం లాంటి పూత పగుళ్లిచ్చింది. లోపలికి వచ్చి, డ్రైవరు తల పైన ఉండే పడక మూలను బొటనవేలితో నొక్కితే తడిసిన బిస్కట్టులా దిగబడింది. లోపలంతా చెక్క చట్రమే. పైకి మచ్చ అరచేతి మేర ఉంటే లోపల కుళ్లు ఎంత ఉందో విప్పితే గాని తెలియదు. పైన పటారం, లోన లొటారం అంటే అదే.

ఆ రాత్రి లెక్క వేశాం. అబ్బాయి వాదన ఏమిటంటే, అద్దె బూడిదలో పోసిన పన్నీరు, కొంటే వస్తువు మిగులుతుంది అని. సరే, కాగితం తీయమన్నాను. రోజు అద్దె, మైళ్ల రుసుము, బీమా, వంట సామాను, దుప్పట్లు అన్నీ కలిపి తొమ్మిది రాత్రులకు 2,700 డాలర్లు. రాత్రికి 300. కొంటే? వాళ్ల కాలనీలో ఇంటి ముందు నిలపనివ్వరు. బయట జాగాకు ఏడాదికి 960. బీమా 640. టైర్లు, కప్పు, ఇతర మరమ్మతులు ఏళ్ల మీద పంచితే 1,500. ధర తరుగుదల 1,400. మొత్తం 4,500. చలికాలం రాకముందే గొట్టాల్లో నీళ్లు తీసేసి మందు పోయించాలి, లేకపోతే గడ్డకట్టి పగులుతాయి. ఆ శ్రమ వేరే. పెట్రోలు ఎలాగైనా ఒకటే, లీటరుకు నాలుగు కిలోమీటర్లు.

అంటే ఏడాదికి పదిహేను రాత్రులు దాటి వాడితేనే కొనడం గిట్టుబాటు. మావాడికి ఏడాదికి ఉన్న సెలవే పదిహేను రోజులు. అందులోనే ఇండియా రావాలి.

అయినా వాడు ఒప్పుకోలేదు. అప్పుడు మా ఆవిడ అంది: “మేము ఏటా వస్తామన్న లెక్క మీద కొనకు నాన్నా. అంతసేపు విమానంలో నేను మళ్లీ కూర్చోలేను.” ఆ మాట నాకు ముందే తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు వాడే అద్దె బండికి ఫోన్ చేశాడు.

ప్రయాణం హాయిగా సాగింది. పార్కులోని ఫిషింగ్ బ్రిడ్జి దగ్గర నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం మూడూ బండికే తగిలిస్తారు. మరుగుదొడ్డి తొట్టి ముందు ఖాళీచేసి, స్నానాల నీటి తొట్టి తరువాత వదలాలి. ఆ నీళ్లతో గొట్టం కడుక్కుపోతుంది. ఆ ఉద్యోగం నాదే! ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గ దాదాపు గంటన్నరకోసారి పైకి చిమ్ముతుంది. అందాకా మా ఆవిడ బండిలో నడుం వాల్చి, లేచి ఉప్మా చేసి, తీరిగ్గా వెళ్లి చూసింది.

కొనడం తప్పని నేననను. మా పక్కన దిగిన ఒక రిటైరైన దంపతులు ఏటా నాలుగు నెలలు తమ బండిలోనే ఉంటారట. వాళ్లకు కొనడమే న్యాయం. మీ పిల్లలు ఎవరైనా సలహా అడిగితే ముందు ఏడాదికి ఎన్ని రాత్రులో అడగండి. అదే రకం బండి ఒకసారి అద్దెకు తీసుకుని చూడమనండి. కొనేటట్లయితే కప్పు, టైర్ల వయసు, జనరేటరు, గ్యాసుపై ఫ్రిజ్ పనిచేయడం, ఇవన్నీ అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్‌తో చూపించమనండి.

మిగిలిన డబ్బేమైందంటారా? మరుసటి సంక్రాంతికి పిల్లలతో వాడే ఇక్కడికి వచ్చాడు. అందరం మన ఆర్టీసీ బస్సులోనే శ్రీశైలం వెళ్లివచ్చాం. టైర్లు మాత్రం ఎక్కేముందు చూశాను.