ఎలగందుల గుట్ట మెట్ల మీద

(2020 నవంబరులో కరీంనగర్‌లో జరిగిన ఒక చిన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎనిమిది నెలల తరువాత ఇలా నలుగురం ఒకచోట కూర్చోగలిగాం. ఈ మహమ్మారిలో మనకు దూరమైన వారందరికీ, వారు ఏ మతం వారైనా సరే, అల్లాహ్ శాంతిని ప్రసాదించాలని ముందుగా ప్రార్థిస్తున్నాను.

కరోనా కాలంలో మన హక్కుల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. నేను న్యాయవాదిని కాను, నాయకుడిని అంతకన్నా కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. కనుక నేను చూసినవి, ఈ శరదృతువులో నడుస్తూ ఆలోచించుకున్నవి మాత్రమే మీ ముందు ఉంచుతాను.

పన్నెండేళ్లుగా తెల్లవారుజామున మానేరు డ్యాం కట్ట మీద నడవడం నాకు అలవాటు. నాతోపాటు ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు నడిచేవారు. ఆయన నన్ను సాబ్ అంటారు, నేను ఆయనను సార్ అంటాను. చలికాలం రాగానే వారానికొకసారి ఎలగందుల గుట్ట ఎక్కేవాళ్లం. ఈ ఏడాది మార్చి నెలలో ఆ నడక ఆగిపోయింది. లాక్‌డౌన్ వల్ల ఆగిందని అందరికీ చెప్పాను. అది సగం నిజం మాత్రమే.

ఆ మార్చి నెలను ఒకసారి గుర్తు చేసుకుందాం. అంతకు ముందు మూడు నెలలు మనం పౌరసత్వ సవరణ చట్టం గురించి, జనన ధ్రువపత్రాల గురించి భయపడుతూ గడిపాం. మా ఇంటి అరుగు మీద ఎందరో తల్లులు పాత కాగితాల సంచులు విప్పి, ఇవి సరిపోతాయా భాయ్ అని అడిగారు. మార్చి 16న మన రాష్ట్ర శాసనసభ ఆ చట్టానికి వ్యతిరేకంగా తీర్మానం చేసినప్పుడు కొంత ఊపిరి పీల్చుకున్నాం. రెండు రోజులు గడిచాయో లేదో, కరీంనగర్ పేరు దేశమంతటా మారుమోగింది. ఢిల్లీ నుంచి రైలులో రామగుండం చేరి, అక్కడి నుంచి మన పట్టణానికి వచ్చిన ఇండోనేషియా ప్రబోధకులకు వ్యాధి సోకినట్టు తేలింది. ముకరంపుర పరిసరాలను దిగ్బంధించారు. ఇంటింటికీ వైద్య సిబ్బంది వచ్చారు.

ఆ అతిథులు వచ్చింది మార్చి 14న. దానికి ముందురోజు, మార్చి 13న, ఇది ఆరోగ్య అత్యవసర పరిస్థితి కాదని కేంద్ర ఆరోగ్య శాఖ అధికారులే ప్రకటించారు. దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైంది మార్చి 25న. ఈ మూడు తేదీలను వరుసగా రాసుకుంటే చాలు, ఎవరు ఎప్పుడు ఏ నియమాన్ని ఉల్లంఘించారో అర్థమవుతుంది. కాని ఆ రోజుల్లో తేదీలు ఎవరికీ అక్కర లేకపోయింది. మార్చి చివరిలో నిజాముద్దీన్ మర్కజ్ వార్త రాగానే ఒక వ్యాధికి మతం అంటగట్టారు.

ఒక వీడియో మా నడక మిత్రుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. పండ్లు అమ్మేవాడొకడు వ్యాధిని అంటిస్తున్నాడని దాని సారాంశం. పంపింది మా సారే. నేను ఏమీ అనలేదు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి నమాజుకు లేచాను. ఆ తరువాత ఆరు నెలలు మేమిద్దరం మాట్లాడుకోలేదు.

నా తప్పు కూడా చెప్పాలి. మా గల్లీలో ఒక పెద్దాయన తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముకుంటాడు. ఏప్రిల్‌లో ఒక కాలనీలో ఆయనను పేరు అడిగి, ఇకమీదట ఇటు రావద్దన్నారు. ఆయన నా దగ్గరకు వచ్చి ఏం చేయమంటారని అడిగాడు. కొన్నాళ్లు వేరే వాడకు పొమ్మని చెప్పాను. ఒక దరఖాస్తు రాసి ఇవ్వడం నాకు తెలియని పని కాదు. ముప్పై ఏళ్లు చేసిన పనే. అయినా రాయలేదు. ఆ బెంగ ఇప్పటికీ నన్ను వదలలేదు.

మనలో కొందరు భయంతో ప్రయాణ వివరాలు దాచారు, పరీక్షకు వెనకాడారు. అది తప్పే. కాని భయపడిన మనిషి దాచుకుంటాడు. అవమానించకుండా అడిగితే వాడే ముందుకు వస్తాడు. వ్యాధిని అదుపు చేయడానికైనా గౌరవంగా అడగడమే దగ్గర దారి. కోలుకున్న తబ్లీగీ సోదరులు ఢిల్లీలో ఇతరుల ప్రాణాల కోసం ప్లాస్మా ఇచ్చారన్నది కూడా మనం మరువరాదు.

ఇక నడక సంగతి. మనం ఆరోగ్యం కోసం నడుస్తాం. ఈ ఏడాది మరో నడక చూశాం. హైదరాబాదు నుంచి నిర్మల్, నేరడిగొండ, ఇచ్చోడ, ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద వలస కూలీలు నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో పెన్‌గంగ వైపు నడిచారు. అది రంజాన్ మాసం. ఇచ్చోడలో ఉండే మా మేనల్లుడు, వాడి స్నేహితులు ఉపవాసంతోనే రోడ్డు పక్కన నీళ్లు, అన్నం పంచారు. తిన్న వాళ్లలో ఎవరైనా మీ పేరు అడిగారా అని నేను వాణ్ని అడిగాను. "లేదు మామూ, ఇంకెంత దూరమని మాత్రమే అడిగారు" అన్నాడు. కోటీ నాలుగు లక్షల మందికి పైగా కూలీలు సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్లారని సెప్టెంబరులో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. దారిలో ఎందరు చనిపోయారని అడిగితే, ఆ లెక్క లేదన్నది. ఫైలులో లేని మనిషికి నష్టపరిహారం రాదని ఏ గుమాస్తాకైనా తెలుసు.

అక్టోబరులో ఒక సాయంత్రం సార్ ఫోన్ చేశారు. "సాబ్, గుట్టకు పోదామా?" అన్నారు. పోదామన్నాను.

వానలు దండిగా కురిసిన ఏడు కదా, దారి పొడవునా తంగేడు, గునుగు విరగబూసి ఉన్నాయి. మాస్కులు పెట్టుకుని ఎడంగా నడిచాం. నా మోకాళ్లకు పాత బలం లేదు. సగం మెట్ల దగ్గర కూర్చున్నాం. అప్పుడాయన తల దించుకుని, "ఆ వీడియో అబద్ధమని తర్వాత తెలిసింది సాబ్. చూడకుండ పంపిన" అన్నారు.

పర్వాలేదు అనబోయాను. కాని బండి పెద్దాయన గుర్తుకొచ్చి ఆగాను. "సార్, నాకు చెప్పినందుకు సంతోషం. కాని వీడియో వచ్చింది గ్రూపులో. ఈ మాట కూడా అక్కడే చెప్పాలి కదా" అన్నాను. ఆయన బదులు పలకలేదు. పైకి వెళ్లి రెండు మీనార్ల దగ్గర నిలబడ్డాం. 1754లో జఫరుద్దౌలా కట్టించిన ఆ మీనార్లలో ఒకదాన్ని ఊపితే రెండోది కదులుతుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. అదే కోటలో నరసింహస్వామి ఆలయమూ ఉంది. కిందికి చూస్తే మానేరు నీళ్లు నిండుగా మెరుస్తున్నాయి. ఆ నీళ్లే రెండు వాడల కుండల్లోకీ వస్తాయి.

వారం తరువాత ఆయన గ్రూపులో రాశారు. తాను పంపింది అబద్ధమని, క్షమించాలని. దానితోపాటు బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఆగస్టు 21న ఇచ్చిన తీర్పు వార్త కూడా జత చేశారు. విదేశీ తబ్లీగీ సభ్యుల మీద పెట్టిన కేసులను కొట్టివేస్తూ, విపత్తు వచ్చినప్పుడు బలిపశువును వెతుకుతారని, వారి మీద పత్రికల్లో, టీవీల్లో పెద్ద ప్రచారం జరిగిందని న్యాయమూర్తులు అన్న తీర్పు అది. ఇద్దరు గ్రూపు విడిచిపోయారు. ఒకరు నమస్కారం పెట్టారు. తక్కినవారు మౌనంగా ఉన్నారు. జరిగింది ఇంతే, దీన్ని పెద్దది చేసి చెప్పను. అయితే ఆదివారం ఆయన, నేను మళ్లీ కట్ట మీద నడుస్తున్నాం.

సోదరులారా, నిర్మల్‌లో 1860లో రాంజీ గోండును, ఆయన అనుచరులను మర్రిచెట్టుకు ఉరితీశారని మన పెద్దలు చెప్పేవారు. ఆ పోరాటంలో గోండులతో భుజం కలిపింది రోహిల్లాలు. వాళ్ల భాష వేరు, దేవుణ్ని పిలిచే పేరు వేరు. ఈ జిల్లాల గాలిలో ఉన్న ఆ పొత్తును మన తరం పోగొట్టకూడదు.

చివరగా మూడు విన్నపాలు. మొదటిది, మీ ఇంట్లో, మీ గల్లీలో ఈ ఎనిమిది నెలల్లో ఏం జరిగిందో తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాయండి. మంచి చేసినవారి పేర్లూ రాయండి. అక్టోబరు 8న సుప్రీంకోర్టు విచారణలో, మర్కజ్ వార్తల ప్రసారంపై కేంద్రం వేసిన అఫిడవిట్ డొంకతిరుగుడుగా ఉందని ప్రధాన న్యాయమూర్తి తప్పుపట్టారు. అలాంటి చోట పనికొచ్చేది రాతపూర్వకమైన సాక్ష్యమే. రెండవది, జ్వరం వస్తే దాచకండి, పరీక్షకు వెళ్లండి. మూడవది, అబద్ధం పంపిన పొరుగువాడిని వదిలేయకండి, అడగండి. మౌనంగా ఉంటే వాడూ మారడు, మనకూ మనశ్శాంతి ఉండదు.

బండి పెద్దాయన దరఖాస్తు మొన్ననే రాశాను. ఆలస్యమైంది. రేపు ఆయనతో కలిసి కార్యాలయానికి వెళుతున్నాను. తోడు వచ్చేవారు ఎవరైనా ఉంటే ఉదయం పదింటికి మా ఇంటికి రండి.

ఖుదా హాఫిజ్.