కామెర్లు - కోతులు - మనం

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో ఒక మిత్రులు లేచి, "కాలనీలో కోతుల బెడద ఎక్కువైంది. వాటివల్ల పచ్చకామెర్లు వస్తాయట, నిజమేనా?" అని అడిగారు. పశువైద్యుడిగా ముప్పయి మూడేళ్ళు పనిచేసినవాడిని కనుక జవాబు చెప్పే పని నాకు అప్పగించారు. ఇదే ప్రశ్న ఒకప్పుడు మా ఇంట్లోనూ వచ్చింది. అది చివర మనవి చేస్తాను.

కామెర్లు జబ్బు కాదు, లక్షణం. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ వైరస్‌లు ముఖ్యంగా ఐదు. ఎ, ఇ అనేవి కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా వస్తాయి. బి, సి రక్తం ద్వారా వస్తాయి. డి అనేది బి తోడు లేనిదే నిలవలేదు.

బి వైరస్‌కు అడవిలో చుట్టాలున్న మాట నిజం. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్, గిబ్బన్ వంటి తోకలేని వానరాలలో మన బి వైరస్‌కు చాలా దగ్గరి వైరస్‌లు కనబడ్డాయి. ఆఫ్రికా అడవుల్లో చింపాంజీని వేటాడి కోసేవారి చేతికి గాయముంటే దాని రక్తం అంటుతుంది. ఎయిడ్స్ వైరస్ మనిషికి చేరింది ఆ దారినేనని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కనుక ఈ వైరస్‌లనూ ఒక కంట కనిపెట్టవలసిందే. అయితే నేడు మనలో ఉన్న బి వైరస్ మనిషి నుంచి మనిషికే వస్తున్నది. పదివేల ఏళ్ళనాటి మానవ అవశేషాలలో కూడా దాని ఆనవాళ్ళు దొరికాయి.

ఇక మన గుళ్ళ దగ్గర, గోడల మీద తిరిగేవి తోక కోతులు. కాలేయ కణంలోకి బి వైరస్ ప్రవేశించే తలుపును 2012లో కనుగొన్నారు. ఈ జాతి కోతులలో ఆ తలుపు నిర్మాణంలో చిన్న తేడా ఉంది. ఆ తేడా వల్లనే వైరస్ లోపలికి పోవడం కష్టమవుతుంది. కోతి కరిస్తే భయపడవలసింది రేబిస్‌కు. వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. అది కొరికిన పండు ఎలాగూ తినకూడదు.

ఒక్కోసారి మనమే వాటికి అంటిస్తాం. 1960 ప్రాంతంలో అమెరికా వైమానిక దళ స్థావరంలో, కొత్తగా తెచ్చిన చింపాంజీలను చూసుకునే సిబ్బందికి కామెర్లు వచ్చాయి. మొదట అడవి జబ్బు అనుకున్నారు. పట్టుబడిన తరువాత మనుషుల దగ్గరే వాటికి ఎ వైరస్ సోకి, తిరిగి మనుషులకు వచ్చి ఉంటుందని తరువాత భావించారు. 1955-56లో ఢిల్లీలో దాదాపు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. అందులో కోతి ప్రమేయం లేదు, తాగునీటిలో మురుగు కలిసింది. అది ఇ వైరస్ అని తరువాత తేలింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. 2009లో హెర్నియా ఆపరేషనుకు ముందు రక్తపరీక్షలో నాకు బి వైరస్ ఉన్నట్లు తేలింది. "కుక్కల్నీ కోతుల్నీ పట్టుకున్న చెయ్యి, అవే తెచ్చిపెట్టాయి" అన్నది మా ఆవిడ. నా కంచం, గ్లాసు వేరయ్యాయి. మనవణ్ణి నా ఒళ్ళోకి రానివ్వలేదు. చదువుకున్నవాణ్ణయి ఉండి నేనూ నోరెత్తలేదు. సిగ్గుతో ఆరు నెలలు మూలన కూర్చున్నాను.

చివరకు ఒక వైద్యుడు విడమరిచి చెప్పారు. కలిసి తింటే, ముట్టుకుంటే ఇది అంటదు. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు, సరిగా మరగబెట్టని సూదులతో, ఒకరి బ్లేడు మరొకరు వాడితే, లైంగిక సంబంధం వల్ల వస్తుంది. మా చిన్నతనంలో ఊరంతటికీ ఒకటే సూది. నాకు అమ్మ నుంచి వచ్చిందో, సూదితో వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఆయన సలహా మీద ఇంటిల్లిపాదీ పరీక్ష చేయించుకున్నాం. మా తమ్ముడికీ ఉన్నట్లు తేలింది. అప్పటికే వాడి లివరు గట్టిపడింది. రెండేళ్ళు తిరక్కుండా పోయాడు. కోతిని తిట్టుకుంటూ గడిపిన ఆ ఆరు నెలలు వాడి వైద్యానికి పనికొచ్చేవేమో! ఆ బాధ నన్ను వదలలేదు.

అందుచేత నా విన్నపం. ఒక్కసారి బి, సి పరీక్షలు చేయించుకోండి. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షలు, మందులు ఉచితం. సి వైరస్ మూడు నెలల మాత్రలతో చాలామందికి పూర్తిగా నయమవుతుంది. బి వైరస్ మాత్రలతో అదుపులో ఉంటుంది. నేను రోజూ వేసుకుంటున్నాను. బి టీకాను మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో తయారుచేసి సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చింది. మునిమనవలు పుడితే మొదటి 24 గంటల్లోపే ఆ టీకా వేయించండి.

ఇప్పుడు మా ఇంట్లో కంచాలన్నీ ఒకే వరుసలో ఉంటున్నాయి. మీ ఇళ్ళల్లో ఎవరి కంచమైనా వేరుగా ఉంటే ఈ రాత్రికే దాన్ని కలపండని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.