పూర్వపక్షమును మరువని గ్రంథములు

క్రైస్తవ మతసమర్థన గ్రంథములు అనేకములు గలవు. వానిలో పెక్కు ఎదుటివాని మాట వినకయే బదులు చెప్పును. విజ్ఞానశాస్త్రము చదువుచున్న పిల్లవాడు సృష్టిని గూర్చి ఇంట ప్రశ్నించినపుడు అట్టి పుస్తకము చేతికిచ్చినచో, వాని సందేహము తీరదు. పెద్దలయెడ నమ్మకము మాత్రము సడలును. కావున కాలమునకు నిలిచిన కొన్ని గ్రంథములను మేము ఇచట సూచింపదలచితిమి.

మతసమర్థనకు గ్రీకు భాషలో ‘అపొలోగియా’ యని పేరు. న్యాయస్థానమున నిందితుడు చెప్పుకొను సమాధానమని దాని అర్థము. 155 ప్రాంతమున జస్టిన్, రోము చక్రవర్తియగు అంటోనినస్ పయస్‌ను ఉద్దేశించి వ్రాసిన విజ్ఞాపనము అట్టిదే. క్రైస్తవుడను పేరునకే శిక్షింపక, నేరమున్నచో విచారింపుడని ఆయన కోరెను. ఆదివారమున తమవారు కూడి ఏమి చేయుదురో దాపరికము లేక తెలిపెను. మొదట చదువదగినది ఇదియే.

మన శాస్త్రకారులు సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షమును నిలుపుదురు గదా! ఓరిజెన్ ఆ మర్యాదను పాటించెను. సెల్సస్ అను తత్త్వవేత్త క్రైస్తవమును ఖండించుచు వ్రాసిన గ్రంథము నేడు లభింపదు. అయినను అందలి వాదములు మనకు తెలియుచున్నవి. ఏలయన, 248 ప్రాంతమున ఓరిజెన్ వానిని ప్రత్యర్థి మాటలలోనే ఉదాహరించి, ఎనిమిది భాగములలో బదులు చెప్పెను. ఖండించినవాడే ప్రత్యర్థి మాటను బ్రతికించెను.

ఇక సంఘ సంప్రదాయము. 434 ప్రాంతమున లెరిన్స్ ద్వీపమందలి సన్యాసి విన్సెంట్ దీనిని గూర్చి చిన్న పుస్తకము వ్రాసెను. శిశువు పెరిగి పెద్దవాడైనను మనిషి ఒక్కడే. అట్లే సిద్ధాంతము పెరుగవచ్చును గాని, వేరొకటిగా మారరాదని ఆయన భావము. ఎదుగుదలకును మార్పునకును గల భేదమును తెలియగోరువారికి ఇది ఉపకరించును.

సృష్టిని గూర్చి బసిల్ చేసిన తొమ్మిది ప్రసంగములు రమ్యములు. చేపలు, పక్షులు, చెట్లు అన్నియు అందు కానవచ్చును. ఆదికాండముపై అగస్టీన్ వ్రాసిన పండ్రెండు భాగముల వ్యాఖ్య కఠినమైనను అవశ్యపఠనీయము. నింగిని, నేలను గూర్చి ఇతరులు బాగుగ నెరిగిన సంగతులలో క్రైస్తవుడు లేఖనము పేర తప్పు పలికినచో, విన్నవారు ఆ లేఖనమునే నమ్మకుందురని ఆయన హెచ్చరించెను. విశ్వము విస్తరించుచున్నదని 1927లో వ్రాసిన బెల్జియం శాస్త్రజ్ఞుడు జార్జి లెమైత్ర్ కతోలిక గురువు. అయినను తన సిద్ధాంతమును మతమునకు సాక్ష్యముగా నిలుపుట ఆయనకు సమ్మతము గాదు. అగస్టీన్ హెచ్చరికతో పొసగు వర్తనమిది.

ఆధునిక గ్రంథము కోరువారికి సి. ఎస్. లూయిస్ వ్రాసిన ‘మియర్ క్రిస్టియానిటీ’ కలదు. 1941 మొదలు 1944 వరకు బి.బి.సి.లో ఆయన చేసిన ప్రసంగములే 1952లో ఈ పుస్తకమైనవి. యౌవనమున నాస్తికుడై యుండినందున పూర్వపక్షము ఆయనకు స్వానుభవమే.

ఈ గ్రంథములు చదువువారు అన్నిటిని అంగీకరింపనక్కరలేదు. గ్రంథము తెరచుటకు ముందు తమ ప్రశ్నను ఒక కాగితముపై వ్రాసికొనుట మేలు. దానిని రచయిత న్యాయముగా విని బదులు చెప్పెనా, లేక దాటిపోయెనా యని చూచినచో, ఏ పుస్తకము పిల్లల చేతికీయదగినదో పెద్దలకే తెలియగలదు.